అరికాలి నల్లమచ్చ: మెలనోమా రోగి ఆయుష్షు దేనిమీద ఆధారపడుతుంది?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక చర్మవైద్యుని ప్రసంగ పాఠం)



క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, పొగాకుతో వచ్చే నోటి క్యాన్సర్ గురించి మీరు ఇదివరకే చాలాసార్లు విన్నారు. అందుకని ఈరోజు మన సభల్లో ఎవరూ ఎత్తని ఒక క్యాన్సర్‌ను ఎంచుకున్నాను. దాని పేరు మెలనోమా. మన దేశంలో ఇది అరుదు. ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు. అంత అరుదైనదాని గురించి ఈ సభలో ఎందుకు అని మీరు అడగవచ్చు. అందుకు మూడు కారణాలున్నాయి. ఇది కంటికి కనిపించే చోట పుడుతుంది. ఎంత ముదిరిందో మిల్లీమీటర్లలో కొలవవచ్చు. తొందరగా పట్టుకున్నవాడికీ ఆలస్యంగా వచ్చినవాడికీ మధ్య బ్రతుకులో వచ్చే తేడా ఇందులో చాలా ఎక్కువ. ఈ మూడూ తెలిసినా మనవాళ్ళు చాలామంది ఆలస్యంగానే వస్తున్నారు. నా బాధ అదే.

మెలనోమా అంటే ఏమిటి?

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు చర్మం పైపొర అడుగున ఉంటాయి. అవి అదుపు తప్పి పెరగడమే మెలనోమా. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో దీని సంఖ్య తక్కువే. కానీ చర్మ క్యాన్సర్ల వల్ల జరిగే మరణాల్లో పెద్ద భాగం దీనివల్లే. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల 25 వేలమందికి ఇది కొత్తగా వచ్చిందనీ, 57 వేలమంది దీనితో చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా.

తెల్లని చర్మం ఉన్నవారికి ఎక్కువగా ఎండ వల్ల వస్తుంది. అందుకే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ. మన చర్మంలోని రంగు ఎండనుంచి మనకు చాలావరకు రక్షణ ఇస్తుంది. కానీ మన ఒంట్లోనూ రంగు తక్కువగా ఉండే చోట్లున్నాయి. అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింది భాగం. మనలాంటి చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారికి మెలనోమా ఎక్కువగా ఈ చోట్లనే వస్తుంది. దీనికి ఎండతో సంబంధం లేదు. కాబట్టి "మేం నల్లగా ఉంటాం, మాకు చర్మ క్యాన్సర్ రాదు" అన్న మాట సగమే నిజం. మిగతా సగం కాలి కింద దాక్కుని ఉంటుంది.

ఈ సంగతి వైద్యులకు కొత్తది కాదు. గోరు కింద పుట్టే ఈ జబ్బును ఇంగ్లండులో జొనాథన్ హచిన్సన్ అనే శస్త్రవైద్యుడు 1886లోనే వర్ణించాడు. దానికి ఆయన పెట్టిన పేరును మన భాషలో చెప్పాలంటే "నల్ల గోరుచుట్టు". అంటే అది గోరుచుట్టులాగా కనిపించి మోసం చేస్తుందని ఆనాడే గుర్తించాడు. గోరు మీది నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే దాన్ని నేటికీ హచిన్సన్ చిహ్నం అంటాం. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన ఊళ్ళలో దాన్ని గోరుచుట్టు అనే అనుకుంటున్నారు. నిమ్మకాయ తొడుగుతున్నారు, పసుపు కడుతున్నారు.

మొదటి ప్రశ్న: ఎంత మందం?

మెలనోమా అని తేలగానే ఇంటివాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "డాక్టరు గారూ, ఎన్నాళ్ళు బ్రతుకుతారు?" ఆయుష్షు ఎవరికీ చెప్పగలిగే శక్తి మనిషికి లేదు. కానీ జబ్బు ఎటు నడిచే అవకాశం ఎక్కువో చెప్పడానికి వైద్యశాస్త్రం కొన్ని కొలతలు తయారుచేసింది. వాటిలో మొదటిది మచ్చ వెడల్పు కాదు, లోతు.

మన చర్మం పైపొరలో రక్తనాళాలు ఉండవు. మెలనోమా అక్కడే ఉన్నంతకాలం అది ఎక్కడికీ పోలేదు. కోసి తీసేస్తే దాదాపుగా జబ్బు పోయినట్లే. అది కింది పొరలోకి దిగినప్పుడు అక్కడ రక్తనాళాలూ, రసనాళాలూ తగులుతాయి. దానికి దారి దొరుకుతుంది. అందుకే వెడల్పాటి పలుచని మచ్చ కంటే చిన్నదైనా లోతుగా దిగిన మచ్చ ప్రమాదం.

1969లో అమెరికాలో వాలెస్ క్లార్క్ అనే రోగనిర్ధారణ నిపుణుడు అది చర్మంలో ఎన్నో పొరదాకా దిగిందో చెప్పే పద్ధతి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడే, 1970లో, అలెగ్జాండర్ బ్రెస్లో ఇంకా సులభమైన పని చేశాడు. సూక్ష్మదర్శిని కింద కణితి మందాన్ని నేరుగా కొలిచాడు. 0.76 మిల్లీమీటర్ల కంటే పలుచగా ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా తక్కువని చూపించాడు. ఇప్పటికీ చర్మానికే పరిమితమైన మెలనోమాలో అన్నిటికంటే బలమైన కొలత అదే. దాన్ని బ్రెస్లో మందం అంటాం.

0.76 మిల్లీమీటర్లు అంటే ఎంతో ఊహకు అందదు. మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు తీసి అంచు చూడండి. దాని మందం సరిగ్గా అంతే. ఇప్పుడు వాడుకలో ఉన్న నియమాల్లో మొదటి గీత 0.8 దగ్గర ఉంది. తర్వాతి గీతలు 1, 2, 4 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. ఒక కార్డు మందం దగ్గర మొదలైన కథ, అయిదు కార్డులు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందం అయ్యేసరికి ఆఖరి గీత దగ్గరికి వచ్చేస్తుంది.

అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా దేశాల్లోని 46 వేలకు పైగా రోగుల వివరాలు కలిపి తయారుచేసిన దశల పట్టిక 2018 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం గ్రంథులకు పాకకుండా, 0.8 కంటే పలుచగా, పుండు లేకుండా ఉన్న మెలనోమా ఉన్నవారిలో ఈ జబ్బు వల్ల చనిపోకుండా 10 ఏళ్ళు దాటినవారు 98 శాతం. 4 మిల్లీమీటర్లు దాటి, పుండు కూడా పడినవారిలో 75 శాతం. రెండు సందర్భాల్లోనూ జబ్బు చర్మం దాటలేదు. తేడా అంతా మందంలోనూ పుండులోనూ ఉంది.

రెండో ప్రశ్న: పుండు పడిందా?

పుండు అంటే చెప్పు కరిచి అయిన గాయం కాదు. కణితి తన పెరుగుదలతో పైనున్న చర్మాన్ని తానే తినేయడం. ఇది సూక్ష్మదర్శినిలో తేలాలి. దీని బలం ఎంతో ఒక లెక్కతో చెబుతాను. పుండు లేకుండా 4 మిల్లీమీటర్లకు పైబడిన కణితి ఉన్నవారిలో ఈ జబ్బు వల్ల చనిపోకుండా 5 ఏళ్ళు దాటినవారు 90 శాతం. 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండి పుండు పడినవారిలో 86 శాతం. అంటే పలుచనిదైనా పుండు పడితే, పుండు పడని మందపాటిదాని కంటే వెనుకబడుతుంది. మచ్చ నుంచి నీరు కారినా, రక్తం వచ్చినా, మానకుండా ఉన్నా ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండని చెప్పడానికి కారణం ఇదే.

కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయన్నది కూడా నిపుణులు చూస్తారు. వేగం ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ.

మూడో ప్రశ్న: గ్రంథుల్లోకి వెళ్ళిందా?

కాలి మెలనోమా ముందుగా గజ్జల్లోని రసగ్రంథులకు, చేతిది చంకలోని గ్రంథులకు చేరుతుంది. వీధి మొదట్లో కాపలాదారు ఉన్నట్లు, కణితి నుంచి వచ్చే దారిలో మొదట తగిలే గ్రంథి ఒకటి ఉంటుంది. 1992లో డొనాల్డ్ మోర్టన్ బృందం నీలిరంగు మందు ఎక్కించి ఆ కాపలా గ్రంథిని కనిపెట్టి, దాన్ని ఒక్కదాన్నే తీసి పరీక్షించే పద్ధతి ప్రచురించింది. చేతికి గడ్డ తగలకపోయినా అందులో కణాలు దాగి ఉండవచ్చు. అందుకే ఒక మోస్తరు మందం దాటిన కణితికి ఈ పరీక్ష చేయమంటాం.

గ్రంథులకు చేరినవారిని మూడో దశ అంటాం. అయితే మూడో దశ అనగానే అందరిదీ ఒకే పరిస్థితి కాదు. ఇది ముఖ్యంగా గుర్తుంచుకోండి. ఆ దశలోనే నాలుగు మెట్లున్నాయి. పలుచని కణితి ఉండి, కాపలా గ్రంథిలో మాత్రమే కణాలు దొరికిన మొదటి మెట్టువారిలో 5 ఏళ్ళ గీత దాటినవారు 93 శాతం. కణితి మందంగా, పుండు పడి, అనేక గ్రంథులు చెడిన ఆఖరి మెట్టువారిలో 32 శాతం. "మూడో దశ అన్నారు, ఇక ఏం లాభం" అని ఇంటికి తీసుకుపోయే ముందు ఏ మెట్టో అడగండి.

ఇంకొక మంచి మాట కూడా ఉంది. పూర్వం కాపలా గ్రంథిలో కణాలు దొరికితే గజ్జల్లోనో చంకలోనో ఉన్న గ్రంథులన్నీ తీసేసేవారు. కాలు, చెయ్యి వాచిపోయి రోగి జీవితాంతం అవస్థ పడేవాడు. అలా అన్నీ తీయడం వల్ల ఆయుష్షు పెరగదని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఇప్పుడు చాలామందికి ఆ ఆపరేషన్ తప్పింది.

నాలుగో ప్రశ్న: దూరం పోయిందా?

నాలుగో దశలో ఏ అవయవానికి పాకిందన్నది ముఖ్యం. దూరపు చర్మానికో గ్రంథులకో పాకితే కొంత నయం. ఊపిరితిత్తులు ఆ తర్వాత. కాలేయం వంటి అవయవాలు ఇంకా కష్టం. మెదడు అన్నిటికంటే కష్టం. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎక్కువగా ఉంటే జబ్బు భారం ఎక్కువని అర్థం. అది మామూలు రక్తపరీక్షే.

ఇవి జబ్బుకు సంబంధించినవి. మనిషికి సంబంధించినవీ ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది. మగవారికంటే ఆడవారిలో ఫలితం మెరుగని దేశదేశాల లెక్కలు చెబుతున్నాయి. తల, మెడ, వీపు మీద వచ్చినదానికంటే కాళ్ళు చేతుల మీద వచ్చినది మెరుగు. ఆ నియమానికి ఎదురు నిలిచేది అరికాలు. మనకు వచ్చేది అదే.

అరికాలి లెక్క

అమెరికా జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీల సమాచారంతో 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో చర్మ మెలనోమాలన్నిటికీ కలిపి 10 ఏళ్ళ మనుగడ 87.5 శాతం ఉంటే, అరికాలు, అరచేయి, గోళ్ళ రకానికి 67.5 శాతమే ఉంది. ఆ దేశంలోనే మెలనోమా వచ్చిన తెల్లవారిలో 5 ఏళ్ళ మనుగడ 94 శాతం దగ్గర ఉంటే నల్లజాతివారిలో 70 శాతం చుట్టూ ఉంది. జబ్బు తెల్లవారికి ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. వచ్చినవారిలో ఎక్కువ నష్టపోయేది మాత్రం నల్లవారు.

ఎందుకిలా? కొంత ఆ రకం కణితి స్వభావంలోనే ఉంది. ఎండ వల్ల వచ్చే మెలనోమాల్లో దాదాపు సగంలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దానికి మాత్రలున్నాయి. అరికాలి రకంలో ఆ మార్పు చాలా తక్కువమందిలో కనిపిస్తుంది. కానీ మిగతాదంతా ఆలస్యమే. అరికాలు ఎవరు చూసుకుంటారు? ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతారు. ముల్లు విరిగిందని పిన్నుతో కెలుకుతారు. షుగరు ఉన్నవారైతే షుగరు పుండు అని నెలల తరబడి కట్లు కట్టించుకుంటారు. గోరు నల్లబడితే తలుపు సందులో నలిగిందనుకుంటారు. కొందరు యాసిడ్ చుక్క వేస్తారు, కాల్చేస్తారు. కాల్చిన మచ్చకు బ్రెస్లో మందం కొలవడం కుదరదు. నేను ఇందాక చెప్పిన మొదటి ప్రశ్నకే జవాబు లేకుండా పోతుంది.

ఇద్దరు మనుషులు

బాబ్ మార్లే పేరు మన కుర్రవాళ్ళ టీషర్టుల మీద కనిపిస్తుంది. జమైకా దేశపు గాయకుడు. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద మెలనోమా ఉందని తేలింది. దాన్ని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. వేలు తీసేద్దామన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. గోరు కింది భాగం మాత్రం తీసి తొడ చర్మం అతికించారు. జబ్బు మెదడుకూ ఇతర అవయవాలకూ పాకింది. 1981 మే 11న చనిపోయాడు. వయసు 36 ఏళ్ళు. డబ్బు, పేరు, పెద్ద ఆసుపత్రులు అన్నీ ఉన్న మనిషి. నల్ల చర్మం ఉన్నవాడికి, గోరు కింద వచ్చిన జబ్బు.

రెండో మనిషి అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. 2015 ఆగస్టులో తన మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకిందని ఆయనే విలేకరులకు చెప్పారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్ళు. నేను చెప్పిన లెక్కల ప్రకారం వయసు, మెదడు, కాలేయం అన్నీ ఆయనకు వ్యతిరేకమే. ఆపరేషన్, రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ అనే కొత్త మందు ఇచ్చారు. ఆ డిసెంబరుకే మెదడు స్కానులో క్యాన్సర్ కనిపించడం లేదని ప్రకటించారు. 2024 డిసెంబరు 29న చనిపోయేనాటికి ఆయన వయసు 100 ఏళ్ళు.

ఇద్దరి మధ్య జరిగిన మార్పు ఏమిటి? మన ఒంట్లోని రక్షణ కణాలకు బ్రేకులుంటాయి. క్యాన్సర్ ఆ బ్రేకు తొక్కి పట్టుకుంటుంది. ఆ బ్రేకు వదిలించే మందులు 2011 నుంచి మెలనోమాకు వాడుకలోకి వచ్చాయి. ఆ పరిశోధనకు జేమ్స్ ఆలిసన్‌కు, జపాన్‌కు చెందిన తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ మందులు రాకముందు నాలుగో దశ రోగుల్లో ఎక్కువమంది ఏడాది లోపే చనిపోయేవారు. ఇలాంటి రెండు మందులు కలిపి ఇచ్చిన రోగుల్లో 10 ఏళ్ళ తర్వాత 43 శాతం మంది బ్రతికి ఉన్నారని 2024లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. నా వృత్తిలో ఇంతటి మార్పును మరో జబ్బులో నేను చూడలేదు.

కానీ మీకు తప్పుడు ఆశ పెట్టను. ఈ మందులు అందరికీ పనిచేయవు. అరికాలి రకంలో వీటి ప్రభావం తక్కువ. ఖర్చు లక్షల్లో ఉంటుంది. మచ్చ పలుచగా ఉన్నప్పుడు కోసి తీయడానికి కొన్ని వేలు చాలు. బాబ్ మార్లే నాటికీ నేటికీ మారని సత్యం ఇదొక్కటే.

శాతాలను ఎలా అర్థం చేసుకోవాలి?

90 శాతం అన్నది వందమంది గుంపు గురించి చెప్పే మాట. మీ నాన్నగారి గురించి చెప్పే మాట కాదు. ఆయన ఆ తొంభైమందిలో ఉంటారా, పదిమందిలో ఉంటారా అన్నది ఏ పట్టికా చెప్పదు. పైగా నేను చదివిన పట్టికలు విదేశీ రోగులవి. వారికి సకాలంలో వైద్యం అందింది. ఆ అంకెలు మనకు అందాలంటే వారి వైద్యమూ మనకు అందాలి.

ఇంకొక విషయం. ఈ అంకెలు ఒకచోట ఆగిపోవు. జబ్బు బయటపడిన మొదటి రెండు మూడేళ్ళలో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అవి గడిచినకొద్దీ ముందున్న దారి తేలికవుతుంది. మొదటి రోజు 32 శాతం అని విన్నవారు అయిదేళ్ళు గడిచాక అదే అంకె పట్టుకుని కుమిలిపోనక్కరలేదు. అలాగని పరీక్షలు మానకూడదు. పదేళ్ళ తర్వాత తిరగబెట్టినవారూ ఉన్నారు.

ఇక్కడ పెద్దలతో ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో జబ్బు సంగతి రోగికి చెప్పరు. "అబ్బాకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు" అని కొడుకులు తలుపు దగ్గరే చెబుతారు. వారి ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ వేలు ఎందుకు తీయాలో తెలియని మనిషి వేలు తీయడానికి ఎందుకు ఒప్పుకుంటాడు? మూడు నెలలకొకసారి పరీక్షకు ఎందుకు రావాలో తెలియని మనిషి ఎందుకు వస్తాడు? మరీ ముదిరిన దశలో ఉన్న మనిషికి అప్పులు తీర్చుకోవాలని ఉంటుంది. తన దగ్గర ఎవరో దాచుకున్న సొమ్ము అప్పగించాలని ఉంటుంది. ఎవరితోనో తెగిపోయిన మాటలు కలుపుకోవాలని ఉంటుంది. ఆ గడువు ఆయనది. దాన్ని ఆయన దగ్గర దాచే హక్కు మనకు లేదు. అంకెలన్నీ గుమ్మరించమని నేను అనడం లేదు. ఆయన ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆయన్నే అడగండి. అంతవరకు నిజం చెప్పండి.

మనం చేయవలసింది

నెలకొకసారి కాళ్ళు చూసుకోండి. మనలో చాలామంది రోజూ అయిదు పూటలా వుజూ చేస్తాం. కాలివేళ్ళ సందుల్లోకి వేలు పోనిచ్చి కడుగుతాం. రోజుకు అన్నిసార్లు చేయి తగిలే చోటును నెలకొక్కసారి వెలుతురులో కళ్ళతో కూడా చూడండి. వంగలేని పెద్దవారికి అద్దం పెట్టండి, లేదా మనవడిని చూడమనండి. షుగరు ఉన్నవారు ఎలాగూ రోజూ చూసుకోవాలి. ఆడవారు గోళ్ళకు, అరికాళ్ళకు గోరింటాకు పెట్టుకునే ముందు ఒకసారి పరీక్షగా చూసుకోండి. ఆ ఎరుపు కింద నలుపు దాగిపోతుంది.

ఏం చూడాలి? రెండు సగాలు ఒకేలా లేని మచ్చ. అంచులు చిందరవందరగా ఉన్న మచ్చ. ఒకే మచ్చలో రెండు మూడు రంగులు. పెన్సిల్ వెనకనున్న రబ్బరు కంటే పెద్దది. అన్నిటికంటే ముఖ్యం, మారుతున్న మచ్చ. గోరు విషయంలో ఒకే గోరుకు కొత్తగా వచ్చి వెడల్పు అవుతున్న నల్లగీత, గోరు చుట్టూ చర్మంలోకి పాకిన నలుపు. అరికాలిపై కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు, ఎర్రని పుండులా ఉంటాయి. కాబట్టి మానని పుండు ఏ రంగులో ఉన్నా చూపించండి.

భయపడకండి కూడా. మన రంగు చర్మంలో గోళ్ళమీద సన్నని నల్లగీతలు, ముఖ్యంగా చాలా గోళ్ళకు ఉంటే, ఎక్కువగా హానిలేనివే. చిన్ననాటి నుంచి మారకుండా ఉన్న పుట్టుమచ్చల గురించి బెంగ అక్కరలేదు.

అనుమానం ఉంటే ముక్క పరీక్ష చేయించండి. "కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుంది" అన్నది అపోహ. పరీక్ష వల్ల ఆయుష్షు తగ్గదు, పరీక్ష ఆలస్యమైతే తగ్గుతుంది. వీలైనంతవరకు మచ్చ మొత్తం పూర్తి లోతుతో తీయాలి. రిపోర్టు చేతికి వచ్చాక అందులో మూడు విషయాలు ఉన్నాయో లేదో అడగండి: మందం ఎన్ని మిల్లీమీటర్లు, పుండు ఉందా లేదా, అంచుల్లో కణాలు మిగిలాయా. ఆ రిపోర్టు, గాజు పలకలు, మైనపు దిమ్మె జాగ్రత్త చేసుకోండి. పెద్ద ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అవే మీ దారి చూపుతాయి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1955లో మొదలైన ఆ ఆసుపత్రి దాని వ్యవస్థాపకుడు మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తోంది. విశాఖపట్నంలో టాటా మెమోరియల్ కేంద్రం వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లకు సహాయం ఉంది. ఏ చికిత్సకు ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

చివరగా మన సంస్థకు ఒక విన్నపం. వైద్య సహాయ నిధి నుంచి మనం ఎక్కువగా ఇచ్చేది జబ్బు ముదిరాక వచ్చే పెద్ద బిల్లులకు. అది మానమని నేను చెప్పను. ఆపదలో ఉన్నవాడిని ఖాళీ చేతులతో పంపలేం. కానీ అందులో కొంత భాగం ముందుకు జరపండి. ముక్క పరీక్ష ఖర్చు, రోగితోపాటు ఒకరికి పట్నం వెళ్ళి రావడానికి చార్జీలు, పోయిన రోజు కూలి. చాలామంది ఈ చిన్న మొత్తాల దగ్గరే ఆగిపోతున్నారు. మన శిబిరాల్లో షుగరు పరీక్షకు వచ్చిన ప్రతివారినీ చెప్పులు విడిచి కాళ్ళు చూపించమని అడగండి. అందుకు యంత్రం అక్కరలేదు. ఒక టార్చిలైటు, చూడటం నేర్చుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు చాలు. నేర్పే బాధ్యత నేను తీసుకుంటాను. అరికాలి మెలనోమా ఒక్కటీ దొరకకపోవచ్చు, అది అరుదని నేనే చెప్పాను. కానీ షుగరు పుండ్లు దొరుకుతాయి, స్పర్శలేని మచ్చలు దొరుకుతాయి, పగుళ్ళలో చీము దొరుకుతుంది. చూసిన కాలు ఏదీ వృథా పోదు.